పోయిన పర్సోమా, వచ్చే పర్సోమా?

నిన్న పొద్దున ఎనిమిదింటికి సత్తన్న నంబర్ నుంచి కాల్.

"ఏందన్నా, పొద్దుగాల్నే?" అన్నాను నవ్వుతూ.

అవతల ఉన్నది పద్మ వదిన. "తమ్మీ, మీ అన్న లేస్తలేడు. జెల్ది రా."

నేను మొఘల్‌పురా చేరేసరికి ఇంటి ముందు చాలా చెప్పులు ఉన్నాయి. ఇంక ఎవర్నీ ఏమీ అడగలేదు.

మా సత్తన్న లేడు. ఈ మాట టైప్ చేయడానికే గంట పట్టింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆయనది స్టీలు సామాన్ల షాపు. చిన్న మిషన్ చేత్తో పట్టుకుని గిన్నెల మీద, టిఫిన్ బాక్సుల మీద పేర్లు రాసేవాడు. ఆ మిషన్ చప్పుడు వింటే నాకు పళ్లు జివ్వుమనేవి. ఆయన మాత్రం దాన్ని పట్టుకునే పుస్తకాల గురించి మాట్లాడేవాడు.

పుస్తకాలంటే కథలు, నవలలు కాదు.

కథ ఎలా రాయాలి, ఆలోచన ఎక్కడ పుడుతుంది, రోజూ రాయడం ఎలా అలవాటు చేసుకోవాలి... ఇలాంటివే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చుకునేవాడు. ఇంగ్లిష్‌వి కూడా, పక్కన డిక్షనరీ పెట్టుకుని. ఇరవై ఏళ్లు చదివాడు. ఒక్క కథ రాయలేదు.

ఆ పుస్తకాలతో ఆయనకు ఎప్పుడూ లొల్లే.

"అన్ని పుస్తకాలు నిజం రాయమంటయ్ భాయ్. ఆ నిజం పక్క గల్లీల ఉండెటోనిదైతే ఏం చెయ్యాల్నో ఒక్కడన్న చెప్పిండా?"

మూడ్ కోసం ఎదురుచూడమన్న పుస్తకాన్నయితే సగంలోనే పక్కన పడేశాడు. కస్టమర్ ముందు నిలబడ్డాక మూడ్ ఏంది, గీడ్ ఏంది అని.

నేను కథలు రాస్తాను కదా, నా మొదటి రీడర్ ఆయనే. నన్ను మస్తు సతాయించిన రీడర్ కూడా ఆయనే. స్టైల్ అనుకుని నేను సగం సగం వాక్యాలు రాసేవాణ్ణి. ఆయన పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన "క్రియ ఏది?" అని రాసేవాడు.

"గిన్నె మీద జాగ ఉండదు, క్రియ రాయం. నీకు పేపర్ నిండ జాగ ఉండె గదా, ఏం రోగం?"

ఇంకో సంగతి చెప్పాలి. ఇదే అసలు సంగతి.

ఒకసారి ఒకామె యాభై ప్లేట్ల మీద పేరు, తేదీ రాయమంది. ఫంక్షన్ ఎప్పుడంటే "పర్సోం" అంది. తెలుగులో మొన్న వేరు, ఎల్లుండి వేరు. మన గల్లీల్లో రెండూ పర్సోమే. ఈయన ఎల్లుండి అనుకుని యాభై ప్లేట్లూ రాసేశాడు. ఆ ఫంక్షన్ మొన్ననే అయిపోయిందట, ఇవి తర్వాత పంచడానికట. ఒక్క ప్లేటు పనికిరాలేదు.

అప్పట్నుంచి ఎవరు పర్సోం అన్నా మిషన్ ఆపి అడిగేవాడు. "పోయిన పర్సోమా, వచ్చే పర్సోమా?"

అది విని మేమంతా నవ్వేవాళ్లం.

పోయిన నెల మా పాప టిఫిన్ బాక్స్ మీద పేరు రాయించాను. చివరి అక్షరం జారి అంచుదాకా పోయింది. సత్తన్న చేతిలో అక్షరం జారడం నేనెప్పుడూ చూడలేదు.

"మిషన్ ఖరాబైంది" అన్నాడు.

తర్వాత వారం మా ఇంటికొస్తూ మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయాడు. లోపలికి తెచ్చి కూర్చోబెడితే ఫ్యాన్ కింద కూడా చొక్కా చెమటతో తడిసింది. ఎడమ భుజం పట్టుకుని, "పుస్తకం పక్కమీద వెట్టి పండుకున్న, పట్టేసింది" అన్నాడు.

నాకు భయమేసింది. దవాఖానకు పోతానని ఒట్టు వేయించుకున్నాను.

సోమవారం సాయంత్రం మెసేజ్ పెట్టాను. "అన్నా, దవాఖాన?"

ఒక్క మాట వచ్చింది. "పర్సోం."

శనివారమే వెళ్లొచ్చాడనుకున్నాను. హమ్మయ్య అనుకుని బొటనవేలు బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాను.

నిన్న బుధవారం. వదిన ఏడుస్తూ చెప్పింది. "ఇయ్యాల దవాఖానకు పోదామనే అంగి ఇస్త్రీ చేయించుకున్నడు తమ్మీ."

ఆ చొక్కా తలుపు వెనక కొక్కేనికి అలాగే ఉంది.

అందరి క్రియలూ వెతికిన మనిషి నాకు పెట్టిన ఆఖరి మెసేజ్‌లో క్రియ లేదు. ఇరవై ఏళ్లు ఆయన నోట విన్న ప్రశ్న ఒక్కసారి నేను అడిగి ఉంటే, సోమవారమే రెక్క పట్టుకుని ఆటో ఎక్కించేవాణ్ణి. అడగలేదు. తప్పు నాదే. కాదని కామెంట్లలో ఎవరూ రాయొద్దు, ప్లీజ్.

సాయంత్రం వదిన ఆయన చదువుతున్న పుస్తకం నా చేతిలో పెట్టింది. ప్రతి పాఠం చివర ఒక అభ్యాసం ఉంది. ప్రతిదాని పక్కన పెన్సిల్‌తో ఒకటే మాట రాసుకున్నాడు.

పర్సోం. పర్సోం. పర్సోం.

చేసినవా, చేయాల్సినవా? పేజీలు తిప్పుతూ పోయాను.

ఇదే నీ ఆఖరి పేజీ అనుకుని రాయమన్న అభ్యాసం దగ్గర మాత్రం పర్సోం లేదు. కింద రెండు వాక్యాలు ఉన్నాయి. అక్షరాలు మా పాప బాక్స్ మీద లాగే జారిపోయి ఉన్నాయి.

"మిషన్ మంచిగనే ఉంది. నా చెయ్యి ఆగుతలేదు, ఎవ్వరికి చెప్పలే."

అన్ని క్రియలూ ఉన్నాయి. ఆయనకు తెలుసు.

పదో రోజు పంచే ప్లేట్ల మీద ఇప్పుడు ఆయన పేరే రాయించాలి. వేరే షాపుకు పోవాలి. తేదీ అడుగుతారు. మొన్న అనో, పర్సోం అనో అనను. పూర్తి తేదీ చెప్పి, రాసేదాకా పక్కనే నిలబడతాను.

సత్తన్నా, నువ్వు పోయినవ్. క్రియ పెట్టిన, చూస్కో.

ఇంక చెయ్యి వణకదు. నిమ్మళంగ పండుకో అన్నా.