పాతది తీసుకుపోయినారా సార్?

అనంతపురం నుంచి గార్లదిన్నె పోయే బస్సులో నా పక్కన బోరు మోటార్లు బాగుచేసే పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఒళ్లో గుడ్డ పరిచి, అరిగిపోయిన మోటారు బుష్షునూ, దాన్ని అంగట్లో చూపించి కొన్న కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూసుకుంటున్నారు. నేను బడిలో కంప్యూటర్ చెప్పే పంతులిని. బడిలోని పాత కంప్యూటర్‌కి వేయడానికి ర్యామ్ కొనుక్కుని వెళ్తున్నాను.

"అదేంది సార్?" అన్నారు.

"కంప్యూటర్ మెమరీ. ఇది వేస్తే జోరుగా నడుస్తుంది."

ఆయన వంగి చూశారు. "అడుగున ఈ గాటు ఎందుకుండాది? మీ పాతదానికీ ఈడనే ఉండాదా? అంగడికి పాతది తీసుకుపోయినారా సార్?"

"ఇది నీ బోరు మోటారు కాదప్పా. నీకు అర్థం కాదులే."

ముందు సీటువాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, గుడ్డ ముడివేసుకుని కిటికీ వైపు తిరిగారు.

బడిలో పిల్లలందరి ముందు కంప్యూటర్ పెట్టె విప్పాను. గాటు కలవలేదు. పాతది డీడీఆర్ త్రీ రకం, నేను తెచ్చింది ఫోర్. "అంగడివాడు తప్పుది అంటగట్టినాడు" అని పిల్లలకూ, తర్వాత హెడ్‌మాస్టరుకూ చెప్పాను. నిజానికి పాతది తెచ్చినారా అని అంగడివాడూ అడిగాడు. నాకు తెలుసులే అన్నది నేనే.

మరునాడు పాత ర్యామ్‌ను జేబురుమాలులో చుట్టుకుని మళ్లీ బస్సెక్కాను. అనంతపురం చేరేదాకా, బస్సు ఆగిన ప్రతిచోటా, ఆ పెద్దాయన ఎక్కుతారేమోనని ఆ మూటను జేబులోకి తోసేస్తూనే ఉన్నాను.