అసిరయ్య గారి గోరంత బొమ్మలు

అసిరయ్యకు ఒకటే పిచ్చి. కంప్యూటర్ తెర మీద ఒకేలా ఉండే రెండు ఐకాన్లు కనబడితే ఆయనకు అన్నం సహించదు. ఏ వెబ్‌సైటుకు షార్ట్‌కట్ పెట్టుకున్నా అదే నీలం రంగు ఇంగ్లీషు అక్షరం ‘ఇ’ వచ్చి కూర్చునే రోజులవి. అసిరయ్య ఆ సైటు తెరిచి, పైన చిరునామా పక్కన కనిపించే గోరంత బొమ్మను దించుకుని, భద్రంగా దాచుకుని, నీలం ‘ఇ’ని పీకేసి దాని చోట ఈ బొమ్మను అంటించేవాడు. తన ఇంట్లో అంటించుకుంటే ఎవరూ ఏమీ అనకపోదురు. జంషెడ్‌పూర్‌లో కంప్యూటర్ కొన్న ప్రతి తెలుగువాడి ఇంటికీ వెళ్లి అంటించేవాడు. అదీ గొడవ.

కొన్ని సైట్లకు సొంత బొమ్మ ఉండదు. అలాంటివాటి కోసం ఆయన స్వయంగా గీసేవాడు. టెల్కో కాలనీలో ఉంటూ ఏళ్ల తరబడి లారీలు బిగించిన ఫోర్‌మన్ చెయ్యి అది. పెళ్లి సంబంధాల సైటుకు రెండు పూలదండలు గీస్తే రెండు టైర్లలా వచ్చాయి. దేవుడి సైటుకు గంట గీస్తే హారన్‌లా వచ్చింది. ఎవరైనా నవ్వితే, “గుర్తుపట్టినావా నేదా? అది సెప్పు ముందు,” అనేవాడు.

సూర్యకాంతం గారి అత్తగారు పోయినప్పుడు పరామర్శకు వెళ్లాడు. పాపం, నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కళ్లకు మూల బల్ల మీద కంప్యూటర్ కనిపించింది.

“పెద్దకర్మ ఎప్పుడమ్మా?”

“బుధవారం అన్నయ్యా.”

“అలగా. మంచి మనిషి. ఆ కంప్యూటర్ ఒకపాలి ఆన్ సెయ్యొచ్చా?”

ఆ తర్వాత ఆయన వస్తున్నాడంటే జనం కంప్యూటర్ మీద దుప్పటి కప్పేవారు. భుయ్యాడీహ్‌లో ఇంటర్నెట్ షాపు కుర్రాడైతే ఆయన మెట్టెక్కకముందే, “అంకుల్, ఆజ్ లైన్ నహీ హై,” అనేవాడు. లైను లేదన్నాడే గానీ, లోపల అందరి తెరలూ వెలుగుతూనే ఉండేవి.

తెలుగు సంఘానికి మురళి కార్యదర్శి. ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్ల అయ్యాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పని, అక్కడ ఆర్డర్లు లేవు. ఇటు సంఘం హాలు కప్పు కారుతోంది, సభ్యులు తగ్గిపోతున్నారు. అసలే దిగులు మనిషి, ఆ ఏడు వానలు పట్టుకుని వదలకపోవడంతో మరీ దిగులుపడిపోయాడు. సంఘంలో ప్రాణం ఉన్నది ఒక్కటే: ఆదివారం పిల్లలకు తెలుగు నేర్పే తరగతి. చెప్పేది అసిరయ్య భార్య భద్రమ్మ. ఆ తరగతికీ పిల్లలు పలచబడ్డారు. ఆవిడ తెలుగులో అడిగితే వాళ్లు హిందీలో జవాబిచ్చేవారు.

“ఎత్తేద్దాం ఆ తరగతి,” అన్నాడు అధ్యక్షుడు ధర్మరాజు. “గది అద్దెకైనా పనికొస్తాది. ఆదివారం నేనే వచ్చి సూసి తేల్చేత్తాను. ఈలోగా ఆ కంప్యూటర్ బాగుసెయ్యి. సంఘం కంప్యూటరా అది? అంతా అసిరయ్య టైర్లు, హారన్లు.”

తరగతి నిలబడితే బాగుండునని మురళికి లోపల ఉంది. పోతే భద్రమ్మ ఏమైపోతుందోనన్న బెంగ కూడా ఉంది. కంప్యూటరైనా శుభ్రంగా కనిపిస్తే అధ్యక్షుడి మనసు మెత్తబడుతుందని శనివారం సాయంత్రం కూర్చుని బొమ్మలన్నీ తీసేశాడు. అన్నీ నీలం ‘ఇ’లు, కింద పేర్లు, తిన్నగా వరసలు. చూసుకుని చాలా రోజుల తర్వాత కాస్త సంతోషపడ్డాడు.

ఆదివారం కుండపోత. ఆరుగురు పిల్లలు వచ్చారు. ధర్మరాజు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. భద్రమ్మ బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘కాకి తడిసింది, పిల్లి నవ్వింది’ అని రాసి, “సదవండ్రా,” అంది. పిల్లలు గట్టిగా చదివారు. ధర్మరాజు తల ఊపాడు. మురళి ఊపిరి పీల్చుకున్నాడు.

“పాటలేవో పెడతారంట కదమ్మా. పెట్టండి విందాం,” అన్నాడు ధర్మరాజు.

భద్రమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మౌస్ మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. బాణం గుర్తు ఒక ‘ఇ’ మీదికి వెళ్లింది, పక్క ‘ఇ’ మీదికి వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చివరికి ఒకటి నొక్కింది. షేర్ల ధరలు తెరుచుకున్నాయి. పిల్లలు కిసుక్కుమన్నారు.

“కింద పేరు రాసే ఉంది కదమ్మా. సదివి నొక్కండి,” అన్నాడు ధర్మరాజు.

ఆవిడ మెడ మీద చెమట పట్టడం మురళి చూశాడు. ఏదో ఘోరం జరుగుతోందనీ, అది తన చేతుల మీదుగానే జరుగుతోందనీ అనిపించింది. ఏమిటో మాత్రం తెలియలేదు.

అంతలో వెనక నుంచి తడిగొడుగుతో అసిరయ్య ఊడిపడ్డాడు.

“నా బొమ్మలు ఎవలు పీకినారు? ఎవలి తల్లో పుట్టింది ఈ బుద్ధి? కంటికి నిద్ర నేకుండా అతికించినాను. అన్నీ ఒక్కలాగే ఉంటే మనిషన్నవాడు ఏది నొక్కుతాడు? లెగవే, లెగు, నీ వల్ల కాదు, నాను సూత్తాను.”

ధర్మరాజు పగలబడి నవ్వాడు. పిల్లలు బెంచీలు చరిచారు. ఆ నవ్వుల్లో భద్రమ్మ లేచి పక్కకు వెళ్లడం ఎవరికీ పట్టలేదు. అసిరయ్య గొణుగుతూనే పాట పెట్టాడు. పిల్లలు అందుకుని పాడారు. వాన చప్పుడును మించి పాడారు.

వెళ్తూ ధర్మరాజు తీర్పు చెప్పాడు. “తరగతి ఉండనీ. టీచరమ్మ బాగానే సెప్తంది. ఆవిడ పెనిమిటిని మాత్రం ఆ కంప్యూటర్ ఛాయలకి రానియ్యకు.”

వసారాలో ఒంటరిగా నిలబడ్డ అసిరయ్య దగ్గరికి మురళి వెళ్లాడు. “మావయ్యా, అత్తకి ఏమైంది?”

అసిరయ్య గొడుగు విదిలించి గోడకు ఆనించాడు. “నిరుడు ఆస్పత్రిలో ఉంది కదేటి. తలలో రక్తం గడ్డకట్టినాది. కాలూ చెయ్యీ బాగున్నాయి. సదువొక్కటే పోనాది. అక్షరాలు సూత్తే ఈగలు వాలినట్టు ఉంటాదంట. రాయడం ఉంది. రాసింది తనే సదవలేదు. డాక్టరు కూడా ఇచిత్రం అన్నాడు. పిల్లల సేత సదివించి నెట్టుకొత్తంది. తెలిత్తే తరగతి తీసేత్తారని దాని భయం. బొమ్మలైతే గుర్తుపడతాది.”

“మరి ఊళ్లో అందరి ఇళ్లలో ఎందుకు మావయ్యా?” అన్నాడు మురళి.

“మా ఇంట్లోనూ ఇక్కడా మాత్రమే ఉంటే, భద్రమ్మకి బొమ్మలెందుకు అని అడుగుతారు. ఊరంతా పెడితే అసిరయ్యకి పిచ్చి అంటారు. పిచ్చి అంటే నాకేటి పోయింది?”

మురళికి ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ఆ వారమంతా వర్క్‌షాపులో ఏం చేస్తున్నా నీలం ‘ఇ’లే కళ్లకు కట్టాయి. శనివారం హాలు తెరిచి కూర్చున్నాడు. నింపాదిగా వచ్చే ఆ ఇంటర్నెట్ లైను మీద ఒక్కొక్క సైటూ తెరిచి, గోరంత బొమ్మలను ఏరి, దాచి, అంటించాడు. పాటల సైటుకు బొమ్మ లేదు. అక్కడ అసిరయ్యది ఏదో ఆకుపచ్చ బొమ్మ ఉండేదని మాత్రం గుర్తుండి, ఆ రంగుతోనే తను చిలకను గీశాడు. చెరిపి మళ్లీ గీశాడు. మరీ అన్యాయంగా వచ్చింది.

మర్నాడు ధర్మరాజు తొంగిచూసి, “మళ్లీనా? ఎవరి పని?” అన్నాడు.

“నాదేనండి,” అన్నాడు మురళి.

“నీకూ అంటుకుందా?”

“అంటుకుందండి. తగ్గేలా లేదు.”

ధర్మరాజు నెత్తి కొట్టుకుని వెళ్లిపోయాడు.

భద్రమ్మ వచ్చి కూర్చుంది. తెర మీద చూపు ఒకసారి అటూ ఇటూ తిప్పి ఆకుపచ్చ బొమ్మను నొక్కింది. పాట మొదలైంది. పిల్లలు పాడుతుంటే మురళిని దగ్గరికి పిలిచింది.

“ఇదేటి బాబూ, మావిడికాయా?”

“చిలక అత్తా.”

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత గొంతు తగ్గించి, “మీ మావయ్యకి ఈ పిచ్చి నా మూలంగా పట్టింది. నీకు ఎవలి మూలంగా పట్టింది?” అంది.

ఈవిడకు అన్నీ తెలుసు. మురళి తల దించుకుని, “అదీ మీ మూలంగానే,” అన్నాడు.

భద్రమ్మ చాక్‌పీసు అతని చేతిలో పెట్టి బోర్డు వైపు తిప్పింది. “అయితే రా. ముందు ముక్కు గియ్యి. వంకరగా ఉండాల. మావిడికాయకి ముక్కుండదు.”