చివరి తూము కింద ఊపిరి

మా బావ చంద్రమోహన్‌కి శవాసనం రాదు. నవ్వకండి. చాప మీద వెల్లకిలా పడుకుని ఏమీ చెయ్యకుండా ఉండడం పసిపిల్లలకు కూడా వస్తుంది. మా బావకి మాత్రం రాలేదు. కళ్ళు మూసుకోమంటే ఒక కన్ను మూసేవాడు. రెండోది తలపక్కన పెట్టుకున్న ఫోను మీదే ఉండేది.

కర్ణాటకలో గోరేబాళ దగ్గర మా క్యాంపులో యోగా క్లాసు మొదలై ఎన్నాళ్ళో కాలేదు. తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి తుంగభద్ర కాలువ కిందికి వచ్చి పాకలు వేసుకున్న చోటు ఇది. పాకలు పోయి డాబాలు లేచినా ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. ఖాళీగా ఉన్న వడ్ల గోదాములో చాపలు పరిచాం. నేర్పే ఆవిడ పేరు సహన. రాయచూరులో పాత తెలుగు కుటుంబం వాళ్ళ పిల్ల, సింధనూరుకి కోడలిగా వచ్చింది. తెల్లారగానే స్కూటీ మీద దిగిపోతుంది. ట్రాక్టరు సామాన్ల కొట్లో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే నేను చేరాను. బావని మా అక్క కుసుమ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తనూ పక్క చాప మీద చేరింది.

అక్క భయం ఊరికే పుట్టలేదు. ఆ మధ్య బావ కంట్లో నెత్తురు చుక్క కనిపించింది. సింధనూరు డాక్టరు బీపీ చూసి నమ్మలేక మిషను మార్చి చూశాడు. "మాత్రలు రాస్తాను. కానీ మాత్ర మింగి మళ్ళీ అదే కంగారులో కూర్చుంటే ఏదో ఒకనాడు కాలో చెయ్యో పడిపోతుంది" అన్నాడు. బావ వాళ్ళ నాన్నకి అచ్చం అలాగే జరిగింది. కాలువ గట్టు మీద కుడిపక్కంతా పడిపోతే మంచం మీద మోసుకొచ్చారు. ఆ రోజు ఇంటికి చేరిన మంచాన్ని అక్క కొత్తకోడలిగా చూసింది, ఇప్పటికీ మరిచిపోలేదు.

చివరి తూము సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. కాలువలో నీళ్ళు వంతుల ప్రకారం వదులుతారు. పైవాళ్ళందరూ తడుపుకుని, చాటుగా మోటార్లు పెట్టి తోడుకుని, ఏమైనా మిగిలితే అది చివరి తూముకి వస్తుంది. బావ పొలం సరిగ్గా దాని కింద ఉంది. అందుకే వంతు రోజుల్లో ఆయన క్యాంపు దాటి కదలడు. పెళ్ళికి పోడు, చావుకి పోడు. కూతురు భావన బళ్ళారిలో నర్సింగు పూర్తిచేసి పట్టా పుచ్చుకున్న రోజున కూడా గట్టు మీదే ఉన్నాడు. అమ్మేద్దామంటే చివరి తూము కింద పొలం కొనే మొనగాడు లేడు. కౌలుకిద్దామంటే తీసుకునేవాడు లేడు. నల్లరేగడిలో దిగబడ్డ ట్రాక్టరు ముందుకీ రాదు, వెనక్కీ పోదు. మా బావ బతుకూ అంతే.

సహన మొదట్లో ఆసనాల కంటే ఊపిరి మీదే ఎక్కువ కూర్చోబెట్టేది. పూరకం అంటే పీల్చుకోవడం, రేచకం అంటే వదలడం. పీల్చుకున్నదాని కంటే వదిలేది పొడుగ్గా ఉండాలనీ, అప్పుడే ఇక భయం లేదని ఒళ్ళు నమ్ముతుందనీ చెప్పేది. ఒకరోజు అందరం అదే చేస్తుంటే ఆమె బావ ముందు ఆగిపోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోమని చాలాసేపు చూసింది.

"ఏంది అన్నా, గిట్ల చేస్తున్నవ్? లోపలికి నిండుగ తీస్కుంటున్నవ్. బయటికి ఇడుస్తనే లేవు."

"వదుల్తున్నానండీ."

"యాడ ఇడుస్తున్నవ్? జరంత ఇడిసి మళ్ళ తీస్తున్నవ్. పొట్ట దిగనే లేదు."

నాకు ఫక్కున నవ్వొచ్చింది. చివరి తూము రైతు పొలంలో చేసే పని అదే కదా. నీళ్ళు వచ్చాయా, గట్టు అంచుదాకా నింపు. పొలంలోకి నీళ్ళు పారే గండిని మడవ అంటాం, దానికి మట్టి కొట్టి మూసెయ్యి. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదు కాబట్టి చుక్క జారనివ్వకు. ముప్ఫయ్యేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషికి ఊపిరి కూడా అలాగే అలవాటైపోయింది.

"బావా, ఊపిరిక్కూడా మడవ కట్టేశావా?" అన్నాను. గోదాములో అందరూ నవ్వారు.

"నీకేంరా, ఫ్యాను కింద కూర్చుని బోల్టులు అమ్ముకుంటావు" అన్నాడు బావ. ఆయన నవ్వలేదు.

సహన కూడా నవ్వలేదు. ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది. "అపరిగ్రహం అంటరు అన్నా. అవసరమున్నంత తీస్కో, పిడికిట్ల బిగించి పెట్టుకోకు. వైరాగ్యమంటే ఇల్లిడిసి పోవుడు కాదు, గా పిడికిలి ఇడుసుడు. వచ్చేది వస్తది, పోయేది పోతది. నువ్వు సాక్షి లెక్క చూస్త కూసో."

"సాక్షిలా చూస్తూ కూర్చుంటే పైవాడు మోటారు పెట్టి తోడేసుకుంటాడండీ" అన్నాడు బావ ఎంతో మర్యాదగా. "అయినా నేను చేసేది చూడ్డమేగా. పొద్దస్తమానం కాలువ వంకే చూస్తుంటాను."

"గది చూసుడు కాదన్నా, కావలి."

బావ ఫోను ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, "ముందు నీళ్ళు ఎక్కనివ్వండి మేడం. అప్పుడు వదుల్తాను" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు సహన మీద ఒళ్ళు మండింది. ఈ సూక్తులు చెప్పిన మహానుభావుల్లో ఒక్కరికైనా చివరి తూము కింద పొలం ఉందా అనుకున్నాను. కానీ బావ కంట్లో ఎరుపు చూస్తే ఆ మాట నోట్లోనే ఆగిపోయేది. అక్క పొద్దున్నే ఆయన్ని లేపుతూనే ఉంది, ఆయన వస్తూనే ఉన్నాడు.

ఇంతలో వంతు వచ్చింది. రెండో పంట వరి పొట్ట మీద ఉంది, కంకి తొడిగే అదను. ఈ తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు. పొద్దున బాగానే వచ్చిన నీళ్ళు మధ్యాహ్నానికి అడుగంటాయి. బావ కొట్టుకి ఫోను చేశాడు. బైకు మీద ఎక్కించుకుని గట్టు వెంబడే పైకి తీసుకెళ్ళాను. కొంత దూరం పోయేసరికి కాలువలోకి దించిన పైపు, గట్టు కింద మోటారు కనిపించాయి. మోటారు అమరేశప్పది. తరాలుగా ఈ గడ్డ మీదే ఉన్న కుటుంబపు రైతు, బావ ఈడువాడు. శుభకార్యాలకి ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళే.

బండి ఆగకముందే బావ దిగేశాడు. పైపు లాగెయ్యడానికి వంగాడు. మెడనరాలు ఉబ్బాయి. మొహం కందగడ్డయింది. ఏదో తిట్టబోయి నోరు తెరిచాడు కానీ మాట పెగల్లేదు. నాకు ఒక్కసారిగా ఆ పాత మంచం గుర్తొచ్చింది.

"బావా, ఊపిరి! ఊపిరి వదులు!" అని అరిచాను.

అమరేశప్ప పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. నా మడి పగుళ్ళు బట్టింది. పొద్దుగూకేదాంక ఇడువు, బంద్ చేస్త" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. అతని వరి కూడా పొట్ట మీదే ఉంది.

బావ పైపు మీంచి చేతులు తీసేశాడు. గట్టు మీద కూలబడి, నోటితో బుస్సుమని పొడుగ్గా ఊపిరి వదిలాడు. మళ్ళీ పీల్చి మళ్ళీ వదిలాడు. మొహంలో రంగు మెల్లగా దిగింది. ఎదురుగా మోటారు నడుస్తూనే ఉంది, మా నీళ్ళు అమరేశప్ప మడిలోకి పోతూనే ఉన్నాయి. కాసేపటికి బావ లేచి, "పోదాం పదరా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఈ కథంతా నేనే గొప్పగా సహనకి చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. "గదే అన్నా అభ్యాసమంటే" అంది.

"కాదండీ" అన్నాడు బావ. "అది శాంతం కాదు. లాగడానికి చేతుల్లో బలం లేకపోయింది. ఓడిపోయి కూర్చున్నాను. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబోలు."

సహన మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆమె మెల్లగా అంది: "నీళ్ళు నేను తేలేనన్నా. నా దగ్గర ఉన్నది గింతే. ఓడిపోయి ఇడిసినవో, తెలిసి ఇడిసినవో తర్వాత చూద్దం. ఇయ్యాల పండుకో, మళ్ళ ఇడువు."

బావ ఫోను తీసి అక్క చేతికిచ్చాడు. చాప మీద వెల్లకిలా పడుకుని రెండు కళ్ళూ మూసుకున్నాడు. వదిలిన మొదటి ఊపిరిలో చిన్న ఏడుపులాంటి చప్పుడు వచ్చింది. తర్వాత పొట్ట దిగడం నేను కళ్ళారా చూశాను. క్లాసు అయ్యేసరికి గురక పెడుతున్నాడు.

అందరం చప్పుడు చెయ్యకుండా చాపలు చుట్టుకున్నాం. సహన ఫ్యానుని ఆయన వైపు తిప్పి వెళ్ళిపోయింది. అక్క పక్కనే కూర్చుని ఆయన మొహమే చూస్తోంది. "ఇలా ఒళ్ళు తెలియకుండా పడుకుని ఎన్నాళ్ళయిందో రా" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. తూములు తిప్పే నీరుగంటి సూగురేశ్. అతని గొంతు నాక్కూడా వినిపించింది. "అక్కా, పైన మోటార్లు బంద్ చేపిచ్చిన. నీళ్ళు మీ తూముకే వస్తున్నయ్. మడవ తీయనీకి అన్నను జల్ది పంపు. ఎంతసేపుంటయో నేను చెప్పలేను."

నేను బావ భుజం తట్టబోయాను. అక్క నా చెయ్యి విసిరికొట్టింది.

"లేపావంటే ఊరుకోను" అంది. కొంగు నడుముకి దోపుకుంది. "బండి తియ్యి."

మేం వెళ్ళేసరికి చివరి తూములోంచి నీళ్ళు పొలం పక్క బోదె కాలువలోకి దూకుతున్నాయి. అక్క పార అందుకుని మడవకున్న మట్టి లాగేసింది. నీళ్ళు సన్నగా వరి మొదళ్ళలోకి పాకాయి. పొలమంతా తడవాలంటే చాలాసేపు పడుతుంది. ఆమె నడుము నిటారుగా పెట్టి కాలువ పైవైపు, మోటార్లుండే వైపు చూస్తూ నిలబడింది. పళ్ళు బిగించింది. పీల్చుకున్న ఊపిరికి పైకి లేచిన భుజాలు మళ్ళీ కిందికి దిగుతాయేమోనని చూశాను. దిగలేదు.

"అక్కా, ఊపిరి వదులు" అన్నాను.

"ముందు నీళ్ళు ఎక్కనీరా" అంది అక్క, కాలువ మీంచి చూపు తిప్పకుండా.