తుమ్ముకుంటూ వెళ్లిన అమ్మవారు

పొద్దున కోడలు పప్పుకి ఎండుమిర్చి తాలింపు పెట్టగానే తుమ్మాను. ఎనభైల్లోని ఆ వేసవి గుర్తొచ్చింది.

ఆటలమ్మ మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, చివరికి మా చెల్లి మీదికి వచ్చింది. అది మంచం దిగలేదు, ముద్ద ముట్టలేదు. వాకిలంతా మిరపకాయలు ఎండుతున్నా మాకు చప్పిడి పప్పే.

“తాలింపెప్పుడే, నాయనమ్మా?”

“అమ్మవారు ఇంట్లో ఉండగా పెట్టకూడదురా, తిండిపోతా.”

పెడితే ఆ ఘాటుకు ఆవిడే పారిపోతుందని నా లెక్క. చెల్లికి వేపాకు నీళ్లు పోసిన రోజు వంటింట్లో తాలింపు చిటపటలాడింది. నేను గుమ్మంలోకి పరిగెత్తాను. పసుపు చీరలో అమ్మవారు తుమ్ముకుంటూ ఊరు దాటడం కళ్లారా చూశానని ఇప్పటికీ మనవలకు చెబుతుంటాను.

నిజానికి వీధిలో ఎవరూ లేరు. తుమ్ము నా వెనక నుంచి వినిపించింది. చెల్లి కంచం పట్టుకుని నిలబడి ఉంది.

“అన్నాయ్, అంతా నువ్వే తినెయ్యకు.”