పై అంతస్తులో ఎర్ర తాడు

ఎయిర్‌పోర్టు వచ్చిన మూడు నాలుగేళ్లకి, శంషాబాద్ దగ్గర కొత్తగా కట్టిన ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో నాకు ఉద్యోగం దొరికింది. మాది తెనాలి వైపు. మా ఆయన ఉద్యోగం వల్ల ఇటు వచ్చాం. సెక్యూరిటీ గదిలో అలారం బోర్డు ముందు కూర్చోవడం నా పని. ఎక్కడ అలారం మోగితే అక్కడి దీపం బోర్డు మీద ఎర్రగా వెలిగేది.

పై అంతస్తులో ఆడవాళ్ల బాత్రూముల్లో చివరిది వయసు మళ్లినవాళ్ల కోసం కట్టారు. గోడకి ఎర్ర తాడు వేలాడేది. కాలు జారి పడ్డవాళ్లు అది లాగితే నా దగ్గర బజర్ మోగుతుంది. మొదట్లో ఎవరూ లాగలేదు. తర్వాత రోజూ మధ్యాహ్నం, జనం పల్చబడే వేళకి మోగడం మొదలైంది. మెట్లెక్కి పరుగెత్తేదాన్ని. తలుపు బార్లా తెరిచి ఉండేది. లోపల ఎవరూ ఉండేవారు కాదు. తాడు మాత్రం ఇంకా ఊగుతుండేది.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లన్నీ చూసి, లోపమేమీ లేదన్నాడు. దాంతో మాటలు పుట్టాయి. బిల్డింగు కట్టేటప్పుడు ఎవరో కూలామె పడి చచ్చిపోయిందని ఒకరు, అక్కడ పాడుబావి ఉండేదని ఇంకొకరు. బట్టల షాపు అమ్మాయిలు అటు ఒంటరిగా వెళ్లడం మానేశారు. అలాంటివి నమ్మనని నేను అందరికీ చెప్పేదాన్ని. బజర్ మోగితే మాత్రం దేవుణ్ని తలుచుకుంటూ మెట్లెక్కేదాన్ని.

ఒకరోజు బోర్డు దగ్గర గార్డుని కూర్చోబెట్టి, ముందే వెళ్లి పక్క బాత్రూములో నిలబడ్డాను. కాసేపటికి అడుగుల చప్పుడు, ఆ వెంటనే తాడు లాగిన చప్పుడు. బయటికి వచ్చి చూస్తే, రోజూ నేల తుడిచే, పక్కూరు తొండుపల్లి ఆమె. తాడు పట్టుకుని, మెట్ల వైపు చెవులు రిక్కించి నిలబడింది.

"రోజూ నువ్వేనా? ఎందుకిలా?" అన్నాను.

ఆమె బెదరలేదు. "ఎవరన్న వస్తరా రారా అని చూస్తున్న మేడమ్. మెట్ల మీద నీ చెప్పుల సప్పుడు ఇనబడంగనే పోత. గప్పుడు జర నిమ్మలమైతది."

ఆమె చెల్లెలికి ఫిట్స్ వచ్చేవట. చుట్టాల పెళ్లిలో, ఫంక్షన్ హాలు బాత్రూముకి వెళ్లి లోపల గడియ పెట్టుకుందట.

"పిలిచిందో, తలుపు కొట్టిందో. బయట బ్యాండు. ఇంక గట్టిగ కొట్టుండ్రి అని బ్యాండోళ్లతోని నేనే అన్న మేడమ్."

తలుపు పగలగొట్టేసరికి ప్రాణం పోయింది.

"లాగే ముందు నాకు చెప్పు. చెప్పి లాగినా సరే, నేనొస్తాను" అన్నాను. అలారం పనిచేస్తోందో లేదో వారానికోసారి ఎలాగూ చూడాలి. ఆ పని ఆమెకే అప్పజెప్పాను. ఇక సోమవారాలే బజర్ మోగేది. మోగిన ప్రతిసారీ వెళ్లేదాన్ని. నన్ను చూసి తలూపి, చీపురు తీసుకుని వెళ్లిపోయేది.

ఎండాకాలంలో ఊరెళ్లి వచ్చేసరికి ఆమె పని మానేసింది. పరీక్షకి తాడు లాగిస్తే మోగలేదు. బోర్డు విప్పి చూస్తే ఆ బజర్ వైరు పీకేసి ఉంది. ఊరికే మోగుతోందని మేనేజరు తీయించాడట. గొడవపడి మళ్లీ పెట్టించాను. ఆదివారం తొండుపల్లి వెళ్లి, ఆమె ఇల్లు ఎక్కడని అడుగుతూ చేరాను. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చింది.

"నువ్వు ఊరికి పోయినంక సోమవారం గుంజిన అక్కా. ఆడనే కూసున్న. మల్ల గుంజిన. ఎవ్వరు రాలె" అంది. గొంతులో కోపం లేదు.

"బాగు చేయించాను. మళ్లీ పనికి రా."

"వద్దక్కా. ఇగ ఆడ కాలు పెట్టబుద్ధి కాదు."

చాయ్ పెట్టి ఇచ్చింది. బయలుదేరే ముందు బాత్రూము ఎక్కడని అడిగితే పెరట్లోకి తీసుకెళ్లింది. తలుపు లేదు, ఊడదీసిన బందుల గుర్తులే ఉన్నాయి. తలుపుండాల్సిన చోట మందపాటి దుప్పటి కట్టి ఉంది. నేను లోపలికి వెళ్లాక ఆమె అడుగులు దూరం కాలేదు.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్నా."

కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. నేను బయటికి వచ్చేదాకా అలా అడుగుతూనే ఉంది.