మనోడు పోసిన డబ్బా

ఆ నాయకుడు గుర్తొస్తే నాకిప్పటికీ నోరు చేదవుతుంది. ప్రొద్దుటూరులో నేను ల్యాబు నడిపే రోజుల్లో జమ్మలమడుగు పక్క పల్లె నుంచి జీపులో వచ్చేవాడు. ఏ పని పడినా ఆయన నోట ఒకటే మాట: "మనోడుండాడు గదప్పా!" ఆ మనోడు ఆయన గొర్రెల కాపరి. బాంబుల కేసులో నాయకుడు లొంగిపోవాల్సి వస్తే, నేరం తన నెత్తిన వేసుకుని జైలుకు పోయొచ్చింది అతనే.

నాయకుడి కిడ్నీలు రక్తాన్ని ఎంతవరకు వడపోస్తున్నాయో కొలవాలి. ఒక పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా పట్టి తెమ్మని డబ్బా ఇచ్చాను. నిండిన డబ్బాను కాపరి మోసుకొచ్చాడు. రక్తం చూస్తే రోగిది, మూత్రం చూస్తే ఆరోగ్యవంతుడిది. పొంతన కుదరక, వెంట వచ్చిన నాయకుడినే అడిగాను.

"ఎలక్షన్ల ముందర నేను డబ్బా పట్టుకోని తిరిగితే మర్యాదుంటాదా? మనోడే పోసినాడు," అన్నాడు నాయకుడు.

డబ్బాను కాపరి చేతికి తిరిగిచ్చాను. "ఇతనికేం, బాగున్నాడు. చెడిపోయింది మీ కిడ్నీలు. రేపు మార్చాల్సి రావచ్చు," అన్నాను.

ఆయన బెదరలేదు. సంతలో పొట్టేలును చూసినట్టు కాపరిని కిందికీ పైకీ చూసి నవ్వాడు.

"మనోడుండాడు గదప్పా!"

కాపరి డబ్బా కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"యాడికి రావాల్నో చెప్పండి సార్."