రేకుల పంచలో నాయన పోగు

కొత్త డీప్ ఫ్రీజర్ మూత ఎత్తగానే ప్లాస్టిక్‌దీ తడి ఇనుముదీ కలిసినట్టు ఒక చల్లటి వాసన వస్తుంది. కువైట్‌లోని ఫింటాస్‌లో నేను వంటపని చేసే ఇంట్లో ఈ వారమంతా అదే వాసన. ఇంటి యజమానిని మేము బాబా అంటాం. ఆయన ఏటా చలికాలంలో లైసెన్సు తీసుకుని పొరుగుదేశానికి వేటకు వెళ్ళి కుందేళ్ళూ పిట్టలూ తెస్తాడు. వాటికోసం బీరువాలా నిలువుగా, అద్దం తలుపుతో ఉన్న ఫ్రీజర్ మీద మనసు పడ్డాడు. తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి కిందికి జారిపోతుందనీ, పైన మూత ఉండే పెట్టెరకంలో అయితే అడుగునే నిలుస్తుందనీ నేను చెప్పాను. బడి చదువు పదితో ఆగినా, మా ఊరి గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ అట్ట నుంచి అట్టదాకా చదివినదాన్ని. బాబా పెట్టెరకమే కొన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఆయన భార్య, మేము మామా అని పిలిచే ఇంటావిడ, అడ్డుపడింది.

"వంటింట్లో వేట వాసన వద్దు. బర్రా, బయట రేకుల షెడ్డులో పెట్టించు. ఖలాస్."

రేకులు అనగానే నాకు మా అబ్బ, అంటే నాయన వాళ్ళ నాయన, గుర్తొచ్చాడు.

రాయచోటి పక్క మా పల్లెలో ఉగాది మరునాడు మగవాళ్ళు కుక్కల్ని వెంటబెట్టుకుని గుట్టల్లోకి చెవులపిల్లుల వేటకు పోయేవాళ్ళు. కుందేలును మేమలాగే అంటాం. వేట నేరమని తరువాత చదివి తెలుసుకున్నాను గానీ, అప్పట్లో అది పండగలో భాగం. చేతులకు ఓళిగల నేతివాసన ఇంకా పోకముందే, అచ్చనగండ్లు ఆడుకునే మేము రాళ్ళు పారేసి, తంగేడు మంటమీద బొచ్చు కాలే కమురు వాసన వెంట పరుగెత్తేవాళ్ళం. అబ్బ మోదుగాకులు పరిచి, మాంసం పోగులు పెట్టి, ఒక్కొక్క ఇంటి పేరూ పిలిచేవాడు. ఊళ్ళో లేనివాడికీ పోగుండేది. నాయన కువైట్‌లో ఉన్న ఆరేళ్ళూ "మా పెద్దోనిది" అంటూ ఒకటి పక్కకు తీసేవాడు. మా నాయనమ్మ, జేజి, దాన్ని పులుసు పెడితే సంగటిలో నంజుకుని మేమే తినేవాళ్ళం.

నాకు పదకొండేళ్ళప్పుడు, ఉగాది వెళ్ళిన మూడోనాడు నాయన దిగుతాడని ముందే కబురొచ్చింది. ఈసారి ఆ పోగు నాయనే తినాలని పట్టుబట్టాను. నాయన మొహం నాకు ఫోటోలోనే తెలుసు; ఆయన చేతికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే అనిపించింది. ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెడతానని జేజి అంటే వినలేదు. పూర్వం ఓడల్లో మంచుగడ్డలు రంపపుపొట్టు కప్పుకుని మద్రాసుదాకా వచ్చేవని గ్రంథాలయంలో చదివాను మరి. ఐసుపుల్లలమ్మే ఆయన్ని బతిమాలి గడ్డ తెచ్చి, రంపపుపొట్టు దొరక్క చెనిక్కాయ పొట్టు పోసి, నాయన పాత ట్రంకుపెట్టెలో మాంసం సర్దాను. దేవుడి పటాలున్న ఇంట్లోకి వద్దని జేజి అనడంతో పెట్టెను రేకుల పంచలో పెట్టాను.

మూడోనాడు మూత తీస్తే ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకున్నారు.

"పుస్తకాలు సదివి పోగు పాడు జేసినావు గదమ్మే! ఊరందరిదీ కడుపుల్లోకి పాయె, వానిదొక్కటే కుక్కలకు పాయె," అన్నాడు అబ్బ.

అప్పుడే జీపు దిగిన నాయన సూట్‌కేసు కింద పెట్టి, వంగి ట్రంకు అడుగు తడిమి, తలెత్తి పైకి చూశాడు.

"పెట్టె మంచిదే పాపా. పెట్టిన చోటే మంచిది కాదు. రేకు సూడు, పెనం మాదిరి కాలతాంది."

ఆరేళ్ళ తరువాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. రెండు నెలలకు మళ్ళీ విమానమెక్కాడు.

అదే మాట నాకొచ్చిన అరబ్బీలో మామాకు చెప్పాను. ఎండ తగలకూడదు, గోడకు జానెడు ఎడం ఉండాలి, నేల చదునుగా ఉండాలి, ప్లగ్గు దానికే వేరుగా ఉండాలి అని ఫ్రీజర్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మలు చూపించాను. మాంసం చెడితే మాట పడేది వంటమనిషే. అవన్నీ కుదిరే చోటు ఇంట్లో ఒక్కటే ఉంది, మెట్ల కింద నా గది. నా పుస్తకాల అలమర తీస్తే గానీ ఫ్రీజర్ పట్టదు. మామా వెంటనే ఒప్పుకుంది.

"నీ సదువు నీ అలమరకే ఎసరు పెట్టె గదక్కా!" అన్నాడు దాన్ని మోసిన డ్రైవర్ రమణ. కడపవాడు.

పుస్తకాలు మంచం కిందికి చేరాయి. ఊళ్ళో గుట్టలు క్వారీలైపోయాయి. మోదుగాకుల పోగులు లేవు, అబ్బ లేడు, నాయనా లేడు. నిన్న మాంసం గాలి చొరకుండా చుట్టి, పొట్లాల మీద తేదీలూ పేర్లూ రాసి సర్దాను. బాబాకు, మామా తమ్ముడికి, శుక్రవారం విందుకు. ఈ పెట్టెలో నెలల తరబడి ఏదీ చెడిపోదు. ఊళ్ళో లేనివాళ్ళ పేరు మీద మాత్రం ఒక్క పొట్లమూ లేదు.